చెన్నై మాల్, ఒక బట్టల కొట్టు మనిషి చూపులో

చెన్నైలో పెద్ద మాల్‌కి ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా, వాళ్ళకి వీలుగా ఉంటుందా అని ఈ మధ్య మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. తీసుకెళ్ళొచ్చు. కాకపోతే ఆ భవనం మనిషిని ఎటు నడిపిస్తుందో, ఎక్కడ నిలబెడుతుందో తెలుసుకుని వెళ్ళాలి. ఐదుకి మూడు మార్కులు వేస్తాను. ఆ మూడూ చల్లదనానికీ, శుభ్రమైన బాత్రూములకీ, ఆడపిల్లలు రాత్రి తొమ్మిదింటికి కూడా భయం లేకుండా తిరగగలగడానికీ. మిగతా రెండూ ఎందుకు పోయాయో కాస్త వివరంగా రాస్తాను.

మాల్ పేరు రాయడం లేదు. మా వాడు కారులో తీసుకెళ్ళేది ఎక్కువగా ఒక మాల్‌కే అయినా, నేను చెప్పబోయేవి ఊళ్ళో ఏ పెద్ద మాల్‌లోనైనా కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. ఒక్కరి మీదే నెపం వేయడం న్యాయం కాదు.

మాది నెల్లూరు. చిన్నబజారులో మా ఆయనా నేనూ పాతికేళ్ళ పైనే బట్టల కొట్టు నడిపాం. వెంకటగిరి చీరలు, జాకెట్టు గుడ్డలు, పంచెలు, పెళ్ళిళ్ళ కాలంలో పెట్టుబడి చీరలు. ఇప్పుడు విల్లివాక్కంలో కొడుకు దగ్గర ఉంటున్నాం. మనిషి గుమ్మం ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా చూపు ఎటు పోతోంది, చెయ్యి దేని మీద పడుతోంది అని గమనిస్తూ బతికినవాళ్ళం. అందుకే మాల్‌లోకి వెళితే నాకు సరుకు కంటే ముందు ఏర్పాటు కనిపిస్తుంది.

ముందు పార్కింగ్. బేస్‌మెంట్‌లో బండి పెట్టగానే గంటల లెక్క మొదలవుతుంది. తెలంగాణలో 2018 నుంచి మాల్‌లో మొదటి అరగంటకి పార్కింగ్ డబ్బు తీసుకోకూడదు, ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా ఉచితం. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటారు. మేం వెళ్ళేచోట అలా లేదు. గంటకింత అని కడుతున్నాం కాబట్టి త్వరగా బయటపడతాం అనుకుంటాం గానీ జరిగేది వేరు. ‘‘ఎలాగూ రెండో గంట పడింది కదా నాన్నా, ఇంకాసేపు చూసి పోదాం’’ అంటాడు మా వాడు. కట్టిన డబ్బు వృథా పోకూడదని ఇంకో గంట, ఆ గంటలో ఇంకో రెండు షాపులు.

తలుపు దాటగానే అందరూ ఒక్క క్షణం నెమ్మదిస్తారు. ఎండలోంచి చల్లగాలిలోకి వచ్చాం కాబట్టి ఒళ్ళు, కళ్ళు సర్దుకోవాలి. పాకో అండర్‌హిల్ అని అమెరికాలో ఒకాయన, కొనడానికి వచ్చినవాళ్ళ కదలికల్ని గమనించి రాసుకోవడమే వృత్తిగా పెట్టుకున్నాడు. గుమ్మం దాటిన మొదటి కొద్ది అడుగుల్లో ఏం పెట్టినా జనం సరిగ్గా చూడరని ఆయన చెప్పాడు. ఇది మా కొట్లో మాకు అనుభవం మీద తెలిసిందే. గుమ్మం పక్కన వేలాడదీసిన చీర ఎంత మంచిదైనా దాని ధర అడిగేవాళ్ళు తక్కువ. లోపలికి వచ్చి కూర్చున్నాక కనిపించినదాన్నే అడుగుతారు. మాల్‌వాళ్ళు కూడా ఆ మొదటి జాగాని ఖాళీగా వదిలేస్తారు. దాన్ని దాటాక, మధ్య హాల్లో, లక్కీ డ్రాలో ఇచ్చే కారు నిలబెడతారు. ఇన్ని వేలకి కొంటే ఒక కూపన్. మా మనవరాలు దాని దగ్గరికి పరిగెడుతుంది, దాని వెనకాల మేం. అలా హాలు నడిమధ్యకి చేరిపోతాం. తిరిగి చూస్తే వచ్చిన తలుపు కనపడదు.

అక్కడి నుంచి అసలు నడక. పెద్ద బట్టల షోరూమ్ ఒక చివర. కూరగాయలూ పప్పులూ దొరికే సూపర్‌మార్కెట్ కింది అంతస్తులో ఇంకో చివర. సినిమా హాళ్ళు, ఫుడ్ కోర్టు అన్నిటికంటే పైన. జనం ఎలాగైనా వెళ్ళేవాటిని ఇలా చివరలకి పంపేస్తే, మధ్యలో ఉన్న చిన్న షాపులన్నిటి ముందు నుంచీ నడవక తప్పదు. దీన్ని నేను తప్పు పట్టను. మా కొట్లోనూ లైనింగు గుడ్డ, ఫాల్స్ లోపలి గదిలోనే ఉండేవి. ఫాల్ కోసం వచ్చిన మనిషి నాలుగు బీరువాల చీరలు దాటుకుని వెళ్ళాలి. కానీ మా లోపలి గదికి పట్టుమని పది అడుగులు లేవు. ఇక్కడ ఆ చివరికీ ఈ చివరికీ నడిచేసరికి మా వీధి మొదలు నుంచి చివరిదాకా పోయి వచ్చినంత అవుతుంది.

ఎస్కలేటర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక అంతస్తు ఎక్కి దిగగానే, ఆ పైకి వెళ్ళేది పక్కనే ఉండదు. చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్ళాలి. ఆ తిరుగుడులో ఒక వాచీల షాపు, ఒక కళ్ళజోళ్ళ షాపు, బొమ్మల షాపు. బొమ్మల షాపు ముందు పిల్లల ఎత్తుకి సరిపోయే బల్ల మీద ఆడుకోవడానికని రైలు బొమ్మ పెట్టి ఉంటుంది. కిందకి దిగేటప్పుడూ ఇదే వరస, ఈసారి వేరే షాపులు. సినిమా చూసి వచ్చేవాళ్ళ తలుపు ఫుడ్ కోర్టు పక్కకి తెరుచుకుంటుంది. మధ్యాహ్నం ఆట విడిచేసరికి ఎవరికైనా ఆకలే.

మా ఆయనకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి. కదిలే మెట్టు మీద కాలు వేయడానికి ఆయన తటపటాయిస్తారు. వెనక జనం నిలబడిపోతే ఆయనకి టెన్షన్. లిఫ్టు ఎక్కడని అడిగితే గార్డు చేయి చూపించేది ఒక మూలకి, బాత్రూములకి వెళ్ళే సందులోకి. ఎస్కలేటర్లు హాలు నడిమధ్య దీపాల కింద మెరుస్తుంటాయి, లిఫ్టు మాత్రం వెతుక్కోవాలి. ఎక్కిన తర్వాత బాగానే ఉంటుంది, వెడల్పుగా, అద్దాలతో. వెతుక్కునే నడకే ముసలివాళ్ళకి భారం. ఎస్కలేటర్ మీద వెళ్ళే మనిషి అన్ని అంతస్తుల షాపుల్నీ చూస్తూ వెళతాడు, లిఫ్టులో వెళ్ళేవాడు ఏదీ చూడడు. మూలకి పెట్టడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇలాంటి మాల్‌ని మొదట కట్టినాయన ఉద్దేశం మాత్రం వేరు. విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన ఆర్కిటెక్ట్. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాక అమెరికాకి పారిపోయాడు. మిన్నెసోటా రాష్ట్రంలో చలికాలం మంచు గడ్డకడుతుంది. అక్కడ ఈడైనా అనే ఊళ్ళో 1956లో ఆయన గీసిన సౌత్‌డేల్ సెంటర్ తెరిచారు. పూర్తిగా కప్పు వేసి, లోపల ఏడాది పొడుగునా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన మొదటి పెద్ద మాల్ అమెరికాలో అదే. ఆయన మనసులో ఉన్నది వియన్నా వీధులు: జనం నడవడం, కాఫీ తాగుతూ కూర్చోవడం, ఒకరినొకరు పలకరించుకోవడం. మాల్ చుట్టూ ఇళ్ళు, బడి, ఆసుపత్రి కూడా రావాలని ప్లాన్ వేశాడు. కట్టింది మాత్రం షాపులూ, వాటి చుట్టూ కార్లు పెట్టుకునే మైదానమూ. వచ్చిన పని మరిచిపోయి మనిషి ఊరికే తిరుగుతూ కొనడం మొదలుపెట్టే స్థితికి వ్యాపారంలో ఆయన పేరే పెట్టారు, గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్ అని. ఆయన అది కోరుకోలేదు. చివరి రోజుల్లో వియన్నాకి తిరిగి వెళ్ళిపోయి, ఈ మాల్స్‌తో తనకి సంబంధం లేదని గట్టిగానే చెప్పాడు. 1980లో పోయాడు. అక్కడ చలి కోసం వేసిన కప్పు మనకి రోహిణి కార్తె ఎండల్లో పనికొస్తోంది. మే నెల మధ్యాహ్నం చెన్నైలో డబ్బు కట్టకుండా చల్లగా తిరగగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయి? అందుకు నేను నిజంగా కృతజ్ఞతతోనే ఉన్నాను.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన విషయం. మా కొట్లో తెల్లటి పరుపు పరిచి ఉండేది. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి కూర్చునేవాళ్ళు. ముందు మంచినీళ్ళు, ఎండాకాలమైతే సోడా. తర్వాత చీరలు. ఒక్కొక్కటీ విప్పి, కొంగు చూపించి, పరుస్తూ పోయేవాళ్ళం. అన్ని చీరలు విప్పించి, సోడా తాగి, ఊరికే లేచి వెళ్ళడానికి మనిషికి మనసొప్పదు. కనీసం ఒక జాకెట్టు గుడ్డైనా తీసుకుంటారు. మా వ్యాపారం సగం ఆ మొహమాటం మీదే నడిచింది. కానీ ఆ మొహమాటం మాకూ ఉండేది. ఎదురుగా కూర్చున్న మనిషికి, రంగు దిగే చీరని చూపించి ‘ఇది బాగుంటుంది’ అని చెప్పడానికి నోరు రాదు. డబ్బు చాలకపోతే ‘‘వచ్చే నెల ఇద్దువులే వదినా’’ అనేదాన్ని. కూతురి పెళ్ళికని వచ్చి స్థోమతకి మించి తీస్తుంటే మా ఆయనే ఆపి, ‘‘ఇంత ఎందుకమ్మా, పెట్టుబడికి ఇవి చాలు’’ అని తక్కువవి చూపించేవారు.

మాల్‌లో వద్దని చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. కొనమని కూడా ఎవరూ అనరు. దారి నడిపిస్తుంది, దీపాలు చూపిస్తాయి, చెయ్యి వెళ్ళి తీసుకుంటుంది. ఎవరూ బలవంతపెట్టలేదు కాబట్టి ప్రతిదీ మన ఇష్టమే అనిపిస్తుంది. ఒక ఆదివారం మనవరాలి స్కూలు బూట్ల కోసం వెళ్ళాం. ఇంటికొచ్చి సంచులు మంచం మీద బోర్లిస్తే రెండు టీషర్టులు, వాసన కొవ్వొత్తి ఒకటి, ఫోను పెట్టుకునే స్టాండు, అవకాడోలు. బూట్లు సైజు లేవని కొనలేదు. ఆ కొవ్వొత్తి ఎవరు తీశారని అడిగితే కొడుక్కీ గుర్తు లేదు, కోడలికీ గుర్తు లేదు. మా కొట్లో తీసుకున్న చీర ఏ సందర్భానికి, ఎవరు నచ్చజెబితే కొన్నారో మా నెల్లూరు ఆడవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

మాల్‌వాళ్ళకి మనం ఎంతసేపు ఉంటామన్నది చాలా ముఖ్యం. ఎందుకంటే పెద్ద మాల్స్‌లో షాపులకి మామూలుగా అద్దె ఒక్కటే కాదు, అమ్మకాల్లో వాటా కూడా ఉంటుంది. ఎంతమంది లోపలికి వచ్చారో లెక్కపెట్టే కెమెరాలు ఉంటాయి. ఇదొక పెద్ద ఆస్తి వ్యాపారం. 2023 మేలో మాల్స్ అద్దెల ఆదాయం మీద నడిచే మొదటి రీట్ (జనం వాటాలు కొనుక్కోగలిగే ఆస్తుల ట్రస్టు), నెక్సస్ సెలెక్ట్ ట్రస్ట్, మన స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది కూడా. స్పెన్సర్ ప్లాజా రోజులు వేరు. తొంభైల్లో నెల్లూరు నుంచి మద్రాసు వచ్చిన ప్రతివాళ్ళూ మౌంట్ రోడ్డుకి వెళ్ళి దాన్ని చూసి వచ్చేవాళ్ళు. అక్కడ చిన్న చిన్న కొట్లు, బేరం ఆడితే తగ్గించేవాళ్ళు, ఓనరే గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. దారి తప్పడం అక్కడా ఉండేది, కానీ అలా తప్పించాలని ఎవరో కూర్చుని ఆలోచించినట్టు అనిపించేది కాదు.

మాల్ నడవల్లో గోడ గడియారం నాకు కనపడలేదు. ఉదయం పదకొండుకీ రాత్రి ఎనిమిదికీ దీపాల వెలుతురులో తేడా ఉండదు. మధ్య హాలు పైన మాత్రం గాజు కప్పు ఉంది. సాయంత్రమైందని తెలుసుకోవాలంటే అక్కడికి వచ్చి తలెత్తి చూడాలి. పాటలు ఎప్పుడూ వినపడుతూనే ఉంటాయి. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ అనే అమెరికా ప్రొఫెసర్ ఒక సూపర్‌మార్కెట్‌లో పరీక్ష చేసి చూశాడు. నిదానంగా సాగే సంగీతం పెట్టిన రోజుల్లో జనం నడక నెమ్మదించింది, వేగం సంగీతం పెట్టిన రోజులతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం ఎక్కువ అయ్యాయి. ఇది చదివిన దగ్గర నుంచి నేను పాటని గమనిస్తున్నాను. సూపర్‌మార్కెట్‌లో మధ్యాహ్నం వేళ నిదానం పాటలే. ఫుడ్ కోర్టులో మాత్రం జనం నిండే సమయానికి హోరు పెరుగుతుంది. అక్కడ త్వరగా తిని లేవాలి కదా, వెనక ప్లేట్లు పట్టుకుని నిలబడినవాళ్ళు ఉంటారు.

సూపర్‌మార్కెట్ గురించి ఎక్కువ రాయను, చాలామందికి తెలిసిందే. పాలు, పెరుగు అన్నిటికంటే వెనక. బిల్లింగ్ దగ్గర పిల్లల చేతికందే ఎత్తులో చాక్లెట్లు. తోపుడు బండి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కొట్టు యజమాని దాన్ని తెచ్చాడు. బుట్ట చేతికి బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన గమనించాడు. మొదట్లో ఎవరూ ముట్టుకోకపోతే, డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి వాళ్ళ చేత బండ్లు తోయించాడు, చూసి మిగతావాళ్ళు అలవాటు పడ్డారు. చేతి బరువు అనేది ‘ఇక చాలు’ అని మనిషికి చెప్పే ఒక గుర్తు. దాన్ని తీసేశారు. నేను ఇప్పుడు గుడ్డ సంచే పట్టుకెళ్తాను, లోపల చేతిబుట్టే తీసుకుంటాను. చెయ్యి లాగగానే బిల్లింగ్‌కి పోతాను.

ఒకరోజు బట్టల షోరూమ్‌లో కోడలు ట్రయల్ రూమ్‌లో ఉంటే నేను బయట నిలబడ్డాను. కూర్చోడానికి అక్కడ ఏమీ లేదు. కుర్తాలు వేలాడే స్టాండు పక్కన ఒక సేల్స్ అమ్మాయి. ఇరవై ఏళ్ళుంటాయి. కుడికాలు చెప్పులోంచి సగం బయటికి తీసి, ఆ పాదాన్ని ఎడమకాలి పిక్కకేసి రుద్దుకుంటోంది. కాసేపటికి కాలు మార్చింది. ఎవరైనా వస్తున్నట్టు అనిపించగానే చెప్పు వేసుకుని నిటారుగా నిలబడుతోంది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తనే పలకరించింది. సూళ్ళూరుపేట పక్కన పల్లె.

‘‘ఎవరూ లేరు కదమ్మా, కాసేపు కూర్చోరాదూ’’ అన్నాను.

‘‘స్టూలు ఉందమ్మా, స్టాకు రూములో. కస్టమర్ లేకపోయినా ఫ్లోర్ మీద నిలబడే ఉండాలంటారు.’’

‘‘మరి అన్నం తినేటప్పుడు?’’

‘‘అప్పుడు కూర్చుంటాం. పైన మాకు వేరే గది ఉందమ్మా’’ అని, కెమెరా వైపు ఒకసారి చూసి, కుర్తాలు సర్దడం మొదలుపెట్టింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే వసతి ఉండాలని, పని మధ్యలో వీలు దొరికినప్పుడు వాళ్ళు కూర్చోవచ్చని చేర్చారు. అంతకుముందు 2018లో కేరళ చేసింది. బట్టల కొట్లలో నిలబడి నిలబడి కాళ్ళు ఉబ్బిపోయే ఆడపిల్లల బాధ నాకు బాగా తెలుసు. మా కొట్లో అమ్మేవాళ్ళం కూడా పరుపు మీదే కూర్చునేవాళ్ళం. స్టూలు స్టాకు రూములో ఉంటే చట్టం కాగితం మీద ఉన్నట్టే. నేను మార్కు తీసేసిన మొదటి కారణం ఇది. కొనేవాళ్ళకి ఇందులో ఏం పని అంటారా? బిల్లింగ్ దగ్గర అభిప్రాయం రాయమని కాగితం ఇస్తారు కదా, అందులో ‘అమ్మాయిలకి ఫ్లోర్ మీద స్టూళ్ళు వేయండి’ అని ఇంగ్లీషులో కోడలి చేత రాయించాను. మీరూ రాయండి. పదిమంది రాస్తే ఎవరో ఒకరు చదువుతారు.

రెండో కారణం మనకి సీట్లు లేకపోవడం. మధ్య హాల్లో రెండు బెంచీలు ఉండేవి, ఒక పండగ సేల్‌కి అక్కడ స్టాల్ వేశారు, స్టాల్ పోయినా బెంచీలు తిరిగి రాలేదు. ఉన్న కొన్నిటికీ వీపు ఆనించడానికి ఏమీ ఉండదు. కాసేపటికే నడుము లాగుతుంది, లేచి నడవాలి. చక్కగా వీపు ఆనించి కూర్చోవాలంటే కాఫీ షాపులో కుర్చీలున్నాయి, కాఫీ కొనాలి. మా ఆయన రెండొందలు పెట్టి కాఫీ తాగే మనిషి కాదు. కాఫీ ధర కంటే, కూర్చోవడానికి డబ్బు కట్టడమేంటన్నది ఆయన అభ్యంతరం. ఆయన చెప్పింది సబబే అనిపిస్తుంది నాకు.

ఫుడ్ కోర్టులో ముందు కార్డులో డబ్బు వేయించుకోవాలి. ఇడ్లీకి ఎంతవుతుందో అంత వేయరు, గుండు మొత్తంగా వేస్తారు. మిగిలింది తిరిగి తీసుకోవచ్చు, కానీ దానికి వేరే వరస. ఆ వరస చూసి ‘పోనీలే, పాపకి ఐస్‌క్రీమ్ కొందాం’ అనుకునేవాళ్ళే ఎక్కువ. నేను నిలబడి డబ్బు వెనక్కి తీసుకుంటాను. తాగే నీళ్ళు బాత్రూముల సందులో ఉంటాయి, అడిగితే చూపిస్తారు. సినిమా హాలువాళ్ళు బయటి తిండిని వద్దనవచ్చు గానీ తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి హాల్లో నీళ్ళ సీసా కొనక్కర్లేదు, అడగండి.

బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు చెప్పమంటారు. ఇవ్వనక్కర్లేదు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకి చెప్పింది. ‘‘నంబరు లేదమ్మా, బిల్లు ఇవ్వండి’’ అని మెల్లగా అంటే ఇస్తారు. నంబరు ఇచ్చారా, ఆడి మాసం సేల్ నుంచి సంక్రాంతి సేల్ దాకా మెసేజీలు వస్తూనే ఉంటాయి.

మా ఆయన పంచె కట్టుకునే వెళ్తారు. చెన్నైలో ఇప్పటివరకు ఎవరూ ఆపలేదు, అది సంతోషం. 2024 జులైలో బెంగళూరు మాగడి రోడ్డు మాల్ ఒకదాంట్లో సినిమా టిక్కెట్టు చేతిలో ఉన్న ముసలి రైతుని పంచె కట్టుకున్నాడని గార్డు ఆపేస్తే, ఆ మాల్‌ని వారంపాటు మూయిస్తున్నట్టు కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. తమిళనాట పంచె కట్టినవాళ్ళని క్లబ్బులు ఆపకూడదని 2014లోనే చట్టం చేశారు. అయినా గార్డు చూపు ఒకటి ఉంటుంది. బ్యాగు తనిఖీ దగ్గర జీన్స్ వేసుకున్న మా వాణ్ణి తొందరగా పంపేసి, మా ఆయన గుడ్డ సంచిని మాత్రం అడుగుదాకా వెతికారు ఒకసారి. లోపల ఉన్నది కళ్ళజోడు పెట్టె, తువ్వాలు.

దీనికి బదులు ఏముంది అంటే, నాకు టీ.నగర్ ఉంది. రంగనాథన్ వీధిలో ముసలివాళ్ళని నడిపించడం కష్టమే. వెనక నుంచి ఎవరైనా తగిలితే కొనేవాళ్ళు చిరాకుపడి వెళ్ళిపోతారని అండర్‌హిల్ అమెరికాలో రాసుకున్నాడు. ఆ వీధిలో తగలకుండా ఒక్క అడుగు పడదు, అయినా ఎవరూ వెళ్ళిపోరు. ఇప్పుడు మాంబళం స్టేషన్ నుంచి టీ.నగర్ బస్టాండు దాకా 570 మీటర్ల ఆకాశ వంతెన ఉంది, 2023 మేలో తెరిచారు, లిఫ్టు కూడా ఉంది. తోపులాటలో పడకుండా పైనుంచి వెళ్ళిపోవచ్చు. పాండీ బజారులో 2019లో కాలిబాటలు బాగా వెడల్పు చేసి కూర్చోవడానికి సీట్లు వేశారు. ఆ వీధి సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు మీద ఉంది, కాస్త ముందుకి వెళితే పానగల్ రాజా గారి పేరున పానగల్ పార్కు. ఇద్దరూ తెలుగువాళ్ళే. మా ఆయన ఆ సీటు మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటుంటే, నేను ఎదురుగా ఉన్న కొట్లన్నీ తిరిగి వస్తాను. అక్కడ సీటు కింద ఎవరూ బిల్లు పెట్టరు. ఎండ మాత్రం ఎండే. ఏప్రిల్, మే నెలల్లో పగలు అక్కడికి ముసలివాళ్ళని తీసుకెళ్ళమని నేను చెప్పను. అప్పుడు మాల్ నయం.

కాబట్టి వెళ్ళేవాళ్ళు ఇలా వెళ్ళండి. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజున తెరవగానే వెళితే లిఫ్టు ఖాళీగా ఉంటుంది, ఉన్న కొద్ది బెంచీలూ దొరుకుతాయి. కావలసినవి ఇంట్లోనే కాగితం మీద రాసుకుని, ఆ షాపు ఏ అంతస్తులో ఉందో తలుపు దగ్గరి బోర్డులో చూసుకుని, నేరుగా లిఫ్టుకి నడవండి. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు ఉంటే గార్డుని వీల్‌చైర్ అడగండి. అడిగితే ఇస్తారు, డబ్బు తీసుకోరు, తోసే కుర్రాళ్ళు మర్యాదగా ఉంటారు. మా ఆయన మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆయనే అడిగి కూర్చుంటున్నారు. కొనాలనిపించి కాగితం మీద లేనిది ఏదైనా ఉంటే ఒక చుట్టు తిరిగి వచ్చి చూడండి. ఆ షాపు దాకా మళ్ళీ నడిచేంత ఇష్టం ఉంటే కొనుక్కోండి.

మాల్ మేనేజరు గారు ఇది చదివితే, ప్రతి అంతస్తులో లిఫ్టు ముందు వీపు ఆనే బెంచీలు రెండేసి వేయించండి. ఎస్కలేటర్ దగ్గర లిఫ్టు ఎటో చూపించే పెద్ద బాణం గుర్తు పెట్టించండి, తమిళంలోనూ ఇంగ్లీషులోనూ. మీ షాపులవాళ్ళకి చెప్పి ఆ సేల్స్ అమ్మాయిల స్టూళ్ళు స్టాకు రూముల్లోంచి బయటికి తెప్పించండి. ఇవి చేస్తే మిగతా రెండు మార్కులూ వేస్తాను.